మొదటి అంకెతో ఐదేళ్లు: క్యాటలిస్ట్ 9300 పోర్టు పేర్లు

గుణుపురంలో మా కాలేజీ ర్యాకులో మూడు సిస్కో క్యాటలిస్ట్ 9300 స్విచ్‌లు (కాలేజీ కంప్యూటర్లను నెట్‌వర్క్‌లో కలిపే పెట్టెలు) ఒకదాని కింద ఒకటి స్టాక్‌గా, అంటే మూడూ కలిసి ఒకే స్విచ్‌లా, నడుస్తున్నాయి. ఐదేళ్లు దాటింది. స్పీడు గురించి, ఫ్యాన్ల చప్పుడు గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను రాసేది వాటి పోర్టుల, అంటే కేబుల్ గుచ్చే సాకెట్ల, పేర్ల గురించి. రోజూ నా నోట్లో నానేది అవే.

గిగాబిట్‌ఈథర్నెట్ 2/0/17. దీన్ని మన ఇళ్ల డోర్ నంబరు చదివినట్టే చదవాలి. 2 అంటే స్టాక్‌లో రెండో నంబరు స్విచ్, 0 అంటే ఆ పెట్టెతోనే వచ్చిన ముందువైపు పోర్టులు, 17 అంటే అందులో పదిహేడోది. విడిగా బిగించే అప్‌లింక్ మాడ్యూల్‌లోని (స్టాక్‌ను మెయిన్ నెట్‌వర్క్‌కు కలిపే పోర్టుల ముక్క) పోర్టయితే మధ్య అంకె 1 అవుతుంది. ఈ పద్ధతి నాకు మొదటి నుంచీ నచ్చింది. మా దగ్గర ఒకరు తెలుగు, ఒకరు ఒడియా, ఇంకొకరు హిందీ. ఫోన్లో "లైబ్రరీ పక్క గది" అంటే ఒక్కొక్కరికి ఒక్కో గది తోస్తుంది. అదే నా తోటి టెక్నీషియన్ "దుయి, శూన్య, సతర" అన్నాడంటే చెయ్యి తిన్నగా ఆ సాకెట్ మీదికే పోతుంది.

పేరు ముందున్న స్పీడు మాటను మాత్రం నేను నమ్మను. 8 పోర్టుల 10 గిగాబిట్ మాడ్యూల్‌లో 1 గిగాబిట్ ఎస్‌ఎఫ్‌పీ (పోర్టులో గుచ్చే చిన్న ముక్క, కేబుల్ దానికి తగిలిస్తాం) పెట్టినా పేరు టెన్‌గిగాబిట్‌ఈథర్నెట్ అనే ఉంటుంది. పైగా మనం కొనని మాడ్యూళ్ల పోర్టులు కూడా లిస్టులో కనిపిస్తాయి. కొత్తగా చేరిన కుర్రాడు అది చూసి "సార్, మనకి నలభై గిగాబిట్ కూడా ఉందా?" అని సంబరపడ్డాడు. సిస్కోవే అయిన నెక్సస్ స్విచ్‌లలో ఏ స్పీడుకైనా ఉత్త ఈథర్నెట్ 1/1 అనే పేరు. స్పీడు కావాలంటే స్టేటస్‌లో చూసుకోవాలి. నాకు అదే సబబుగా అనిపిస్తుంది. జునిపర్ అనే వేరే కంపెనీ ఈఎక్స్ స్విచ్‌లలో పేరు ముందు స్పీడు ఉంటుంది, లెక్క మాత్రం సున్నాతో మొదలవుతుంది. అక్కడి మొదటి పోర్టు జీఈ-0/0/0. రెండు రకాలూ ఉన్నచోట పనిచేసేవాళ్లు ఇది మరిచిపోకూడదు.

ఒక్క అంకెతో ఆగిపోయే పేర్లది వేరే జాతి. వీల్యాన్ 20 (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్), పోర్ట్‌ఛానల్ 1 (కొన్ని పోర్టులు కలిపి చేసిన ఒకే దారి), లూప్‌బ్యాక్ 0 (స్విచ్ లోపలే ఉండే ఊహా పోర్టు). ఇవి కాన్ఫిగ్‌లో, అంటే మనం రాసిన సెట్టింగుల్లో, పుట్టినవి, పెట్టెలో వీటికంటూ ఒక చోటు ఉండదు. మా అప్‌లింక్ పోర్ట్‌ఛానల్ 1లో 1/1/1, 3/1/1 ఉన్నాయి. రెండింటికీ మొదటి అంకె వేరు కాబట్టి, ఒక పెట్టె పోయినా దారి మిగులుతుందని పేర్లు చూడగానే తెలిసిపోతుంది.

ఆ ధైర్యం అక్కరకొచ్చిన రోజు ఒకటుంది. వంశధార నిండుగా పారుతున్న వానాకాలంలో ఓ రాత్రి పిడుగు పడి రెండో స్విచ్ పోయింది. అప్‌లింక్ పడిపోలేదు గానీ పరీక్షల విభాగం మొత్తం ఆగిపోయింది. బరంపురంలో తెలిసినవాళ్ల దగ్గర నుంచి అదే మోడల్ తెప్పించి, కేబుళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టే పెట్టి, ఆన్ చేశాం. పదిహేడో పోర్టు లైటు పచ్చగా వెలుగుతోంది. స్క్రీన్ మీద 2/0/17 మాత్రం డౌన్. అరగంట కేబుళ్లు మార్చుకుంటూ కూర్చున్నాం. ఆఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్, ఒకటే టెన్షన్. చివరికి లిస్టు కిందిదాకా జరిపితే 4/0/17 కనిపించింది.

ఆ స్విచ్ అంతకుముందు వేరే స్టాక్‌లో నాలుగోది. తన నంబరు తను గుర్తు పెట్టుకుని వచ్చింది. మా దగ్గర 4 ఖాళీగా ఉంది కాబట్టి అదే ఉంచుకుంది. 2 కోసం రాసిన కాన్ఫిగ్ అంతా పెట్టె లేకుండా అలాగే ఉంది, 4లోని పోర్టులన్నీ ఏ సెట్టింగూ లేకుండా వీల్యాన్ 1లో పడి ఉన్నాయి. "స్విచ్ 4 రీనంబర్ 2" అని కొట్టి ఆ ఒక్కదాన్నే రీలోడ్ చేశాక పరీక్షల విభాగం లేచింది. అందుకే చెబుతున్నాను, ఈ పేర్లలో మొదటి అంకెను కన్నపిల్లలా చూసుకోవాలి. అది ర్యాకులో పైనుంచి కిందికి లెక్కపెట్టే అంకె కాదు, స్విచ్ లోపల దాచుకున్న అంకె. ముందువైపు మోడ్ బటన్‌ను స్టాక్ అనే లైటు వెలిగేదాకా నొక్కితే, దాని నంబరు ఎంతో ఆ పోర్టు లైటు మినుకుమంటుంది. ర్యాకులోకి ఎక్కించేముందు అది చూసుకుని ఉంటే మాకు ఆ అరగంట మిగిలేది.

పోర్టు చేసే పని కూడా పేరులో ఉండదు. 2/0/17 యాక్సెస్సో (ఒకే వీల్యాన్‌కు), ట్రంకో (చాలా వీల్యాన్లకు), దాని చివర ఏ గది ఉందో డిస్క్రిప్షన్‌లో మనమే రాసుకోవాలి. నేను కేబుల్ గుచ్చిన చేత్తోనే రాస్తాను, రేపు రాద్దామనుకుంటే ఆ రేపు రాదు.

ఇప్పుడు బీరువాలో స్పేర్ స్విచ్ ఒకటి ఉంచాం. దాని నంబరు 1కి మార్చి, "నంబరు 1, పవర్ తీసి కలపాలి" అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన కాగితం పైన అంటించాం. స్టాక్‌లో 1 ఉంటే, కలపగానే ఖాళీగా ఉన్న అంకె దానికి దొరుకుతుంది; పోయింది 1 అయితే ఆ అంకెనే ఉంచుకుంటుంది.