బోర్డర్ కోలీనా, షెల్టీనా?

రెండూ గొర్రెలు కాసే కుక్క జాతులే. మొదటిది ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండలది. రెండోది షెట్లండ్ దీవులది.

మందను కాసేటప్పుడు బోర్డర్ కోలీ సాధారణంగా మొరగదు. ఒళ్లు వంచి, కళ్లార్పకుండా చూస్తూనే మందను కదిలిస్తుంది. ఎంత అందమైన చూపో! ఈ జాతిలో చాలా కుక్కల వంశమూలం 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్. కానీ పని దొరక్కపోతే అదే చూపు సైకిళ్ల మీద, పరిగెత్తే పిల్లల మీద పడుతుంది. ఉత్తి వాకింగ్ చాలదు, బుర్రకూ పని పెట్టాలి. అంత తీరిక లేనివాళ్లు దీన్ని తెచ్చుకోవద్దు, పాపం.

షెల్టీ చిన్నది, ఎత్తు సుమారు 33–41 సెంటీమీటర్లు. కాస్త తక్కువ పరుగుతో సర్దుకుంటుంది గానీ తెగ మొరుగుతుంది. ఒత్తు జుట్టు, చెవుల వెనక చిక్కుపడుతుంది.

ముఖ్యమైన మాట: షెల్టీల్లో ఎండీఆర్1 జన్యులోపం (కొన్ని మందులు మెదడులోకి చేరకుండా ఒళ్లు ఆపలేకపోవడం) ఎక్కువ, బోర్డర్ కోలీల్లో అరుదు. అది ఉంటే పిడుదులకూ పురుగులకూ వాడే ఐవర్‌మెక్టిన్ మోతాదు పెరిగితే ప్రాణానికే ముప్పు. పిడుదులకు ఇంజెక్షన్ వేయించేముందే డాక్టర్‌కు జాతి చెప్పండి.