మందులకు లొంగని మూర్ఛ: శస్త్రచికిత్స మేలా, రేడియేషన్ మేలా?

తగిన మందులు రెండు సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దానిని మందులకు లొంగని మూర్ఛ అంటారు. మూర్ఛ ఉన్నవారిలో దాదాపు మూడోవంతు మంది పరిస్థితి ఇదే. ఫిట్స్ పుట్టే చోటు మెదడులో చెవుల పక్కన ఉండే టెంపోరల్ లోబ్ లోపలి భాగంలో, అంటే జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ పరిసరాల్లో ఉందని పరీక్షల్లో తేలినవారికి ఆ భాగాన్ని తొలగించే శస్త్రచికిత్స చాలాకాలంగా అందుబాటులో ఉంది. పుర్రె తెరవకుండా అదే చోటికి రేడియేషన్ కిరణాలను గురిపెట్టే గామా నైఫ్ దానికి ప్రత్యామ్నాయం.

గామా నైఫ్‌లో తలకు మత్తు సూదులిచ్చి, నాలుగు స్క్రూలతో ఒక ఫ్రేమ్ బిగిస్తారు. కోబాల్ట్ మూలాల నుంచి దాదాపు రెండు వందల సన్నని కిరణాలు వేర్వేరు దిశల నుంచి వచ్చి ఒకేచోట కలుస్తాయి. అందువల్ల దారిలోని కణజాలానికి తక్కువ మోతాదు, గురికి మాత్రం పూర్తి మోతాదు అందుతుంది. కోత ఉండదు, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండనక్కరలేదు. అందుకే చాలామంది మనసు దీనివైపే మొగ్గుతుంది.

అయితే ఫిట్స్ ఎప్పటికి ఆగుతాయన్న ప్రశ్న దగ్గర ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. శస్త్రచికిత్స ఫలిస్తే ఆ ఫలితం సాధారణంగా వెంటనే కనిపిస్తుంది. రేడియేషన్ ప్రభావం మాత్రం నెమ్మదిగా, తరచుగా ఏడాదికో ఏడాదిన్నరకో బయటపడుతుంది. ఈలోగా ఫిట్‌కు ముందు వచ్చే సూచనలు కొందరిలో కొంతకాలం ఎక్కువవుతాయి. చికిత్స చేసిన చోట వాపు వచ్చి, తలనొప్పి మొదలై, స్టెరాయిడ్లు వాడవలసి రావచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, అదుపులో లేని పెద్ద ఫిట్స్ ఉన్నవారికి నిద్రలోనే హఠాత్తుగా ప్రాణం పోయే ముప్పు ఆ నెలలన్నిటా కొనసాగుతుంది. రోగికీ కుటుంబానికీ ఈ విషయాన్ని ముందే వివరించి తీరాలని నా అభిప్రాయం.

ఈ రెండు పద్ధతులనూ నేరుగా పోల్చిన రోజ్ అధ్యయనం 2018లో వెలువడింది. అందులో పాల్గొన్నది 58 మందే అయినా, చికిత్స తర్వాత మూడో ఏడాదిలో ఫిట్స్ లేకుండా ఉన్నవారు శస్త్రచికిత్స వర్గంలో 78 శాతం, రేడియేషన్ వర్గంలో 52 శాతం. రేడియేషన్ వల్ల మాటలకు సంబంధించిన జ్ఞాపకశక్తి మరింత బాగా నిలుస్తుందన్న ఆశ కూడా అందులో రుజువు కాలేదు. చూపులో పైభాగం కొంత తగ్గే ప్రమాదం రెండింటిలోనూ ఉంది.

కాబట్టి ఆపరేషన్‌ను తట్టుకోగల ఆరోగ్యం ఉన్నవారికి మొదటి ఎంపిక శస్త్రచికిత్సే. అనస్థీషియా ప్రమాదకరమయ్యేంత గుండె లేక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికీ, రక్తం పలచబరిచే మందులు ఆపడానికి వీలులేనివారికీ, ఎంత వివరించినా పుర్రె తెరవడానికి ఒప్పుకోనివారికీ రేడియేషన్ గౌరవప్రదమైన మార్గం. మెదడు అడుగున హైపోథాలమస్‌ను అంటిపెట్టుకుని ఉండే హమార్టోమా అనే గడ్డ వల్ల వచ్చే ఫిట్స్‌లో దీని విలువ ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడికి కత్తితో చేరాలంటే కంటినరాలు, హార్మోన్ల కేంద్రాలు, జ్ఞాపకశక్తిని మోసే తంతువులు దాటుకుని వెళ్లాలి. సన్నని రంధ్రం గుండా లేజర్ పంపి ఆ కణజాలాన్ని వేడితో నశింపజేసే పద్ధతి అందుబాటులో ఉన్నచోట దాని గురించి కూడా అడగడం మంచిది. అందులో పెద్ద కోత ఉండదు, నెలల తరబడి ఎదురుచూపూ ఉండదు.