గుర్రాల రాట్నం ఉండనీండి, రంగు మాత్రం గీకి చూడండి

తిరుపతిలో గంగమ్మ జాతరకు అటూ ఇటూగా వెలిసే వేసవి ఎగ్జిబిషన్లలో ఆటలు రెండు రకాలు. ఒకవైపు పాతకాపులు: గుర్రాల రాట్నం, జెయింట్ వీల్, ఊగే పడవ కొలంబస్, బొమ్మ రైలు. ఇంకోవైపు తిరిగే పళ్ళెం మీద కుర్చీలు గిర్రున తిప్పే బ్రేక్ డాన్స్, గాలి నింపిన జారుడుబల్లలు, చీకటి డబ్బాలో కుర్చీలు ఊపే ‘తొమ్మిది డీ’. పాతవి తీసేసి కొత్తవి తేవాలని కుర్రాళ్ళు అంటారు. పిల్లల్ని తీసుకొచ్చిన పెద్దలు మాత్రం నేరుగా రాట్నం దగ్గరికే నడుస్తారు. పెద్ద పార్కుల్లోనూ నడిచే తగువే ఇది. ఏది ఉంచాలి, ఏది తియ్యాలి అన్నది ఒక్కో ఆట దగ్గర నిలబడి చూస్తేనే తేలుతుంది.

పాతదని తియ్యమనేవాళ్ళూ, పాతదని ఉంచమనేవాళ్ళూ ఇద్దరూ ఏళ్ళే లెక్కపెడుతున్నారు. ఊరూరూ తిరిగే ఆటకు వయసు ఏళ్ళతో రాదు, ఎన్నిసార్లు విప్పి బిగించారన్నదాంతో వస్తుంది. విప్పిన ప్రతిసారీ పిన్ను సుత్తిదెబ్బ తింటుంది, అది కూర్చునే రంధ్రం కాస్త సాగుతుంది. గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందంటే చక్రం ఆకు అక్కడ ఆడుతుంది. ఆడే చోట బరువు నిలకడగా ఆనదు, దెబ్బలా పడుతుంది. అలాంటి దెబ్బలు వేలల్లో పడ్డాక వెల్డింగ్ అంచున వెంట్రుకంత పగులు పుడుతుంది. అందుకని ఏడాదికి పది ఊళ్ళు తిరిగిన అయిదేళ్ళ ఆట కన్నా, ఒకే చోట పాతుకుని ఉన్న నలభై ఏళ్ళ ఆట గట్టిగా ఉండొచ్చు. కోపెన్‌హాగెన్ టివోలీ తోటలో 1914 నాటి కొయ్య రోలర్ కోస్టర్, మెల్‌బోర్న్ లూనా పార్కులో 1912 నాటిది ఇప్పటికీ నడుస్తున్నాయి. రెండిట్లోనూ బండి మీదే ఒక మనిషి ఉండి చేత్తో బ్రేకు వేస్తాడు. అలాగని వాటిలో ఉన్నదంతా పాత కొయ్యే అనుకోకండి. పుచ్చిన దూలం, అరిగిన పట్టా ఎప్పటికప్పుడు మారుతూనే ఉంటాయి. జాతరలో బైరాగి వేషం ఎప్పటిదో, ఒంటికి పూసే తెల్లటి నామంకొమ్ము మాత్రం ఆ పొద్దుటిదే. ఆటా అంతే.

పగుళ్ళను పుట్టించేది సుత్తి అయితే, వాటిని దాచే దొంగ పైన కొట్టే రంగు. ఎగ్జిబిషన్ మొదలయ్యే ముందు ఆటలన్నిటికీ తళతళలాడే పెయింటు కొడతారు. చూసేవాళ్ళకు అది ముచ్చట, తనిఖీ చేసేవాడికి కళ్ళకు గంత. ఆకులు కలిసే కీళ్ళ దగ్గర, తొట్టె వేలాడే కొక్కేల దగ్గర రంగు గీకి, శుభ్రంగా తుడిచి, ఎర్ర రంగు ద్రవం స్ప్రే చేసి పది పదిహేను నిమిషాలు వదలాలి. పైన మిగిలినదాన్ని గుడ్డతో తుడిచేసి తెల్ల పొడి స్ప్రే కొడితే, పగులు ఉన్నచోట ఎర్రగీత పైకి తేలుతుంది. దీనికి కావలసింది మూడు డబ్బాలు, ఒక పూట. ‘డై టెస్ట్’ అని వెల్డర్లందరికీ తెలిసినదే. ఎన్నిసార్లు విప్పి బిగించారో చెప్పే రిజిస్టరు, ఈ పరీక్ష కాగితం లేని ఆటను ఎంత ముచ్చటగా ఉన్నా తీసెయ్యాల్సిందే.

ఇక ఒక్కో ఆట.

గుర్రాల రాట్నానికి అయిదు మార్కులకు నాలుగున్నర. తాత, మనవరాలు కలిసి ఎక్కగలిగే ఆట ఇది. దీని యంత్రమంతా కంటికి కనబడుతుంది: మోటారు, తిప్పుడును అడ్డానికి మళ్ళించే బెవెల్ గేరు, పైన వంకర షాఫ్టులు, వాటికి వేలాడే గొట్టాలు. వంకర తిరిగితే గుర్రం పైకీ కిందికీ ఆడుతుంది. చెడేవి కూడా రెండు మూడే. టక్ టక్‌మని లయగా చప్పుడు వస్తుంటే గేరు పన్ను విరిగినట్టు. ఒక్క గేరే మార్చకూడదు, జంటగా మార్చాలి, లేకపోతే కొత్త పళ్ళను పాత పళ్ళు నెలలో తినేస్తాయి. మోటారు ఒక్కసారిగా అందుకునే కుదుపుకే పళ్ళు విరుగుతాయి, పిల్లలు వెనక్కి తూలుతారు. వేగాన్ని మెల్లగా పెంచే ఫ్రీక్వెన్సీ డ్రైవ్ ఒకటి పెడితే రెండు బాధలూ పోతాయి. పాత రాట్నానికి పెట్టదగిన కొత్త వస్తువు ఇదే.

ఎక్కించేటప్పుడు వరస చూసుకోండి. బయటి గుర్రం నడుమ స్తంభానికి 4 మీటర్ల దూరంలో, లోపలిది 2.5 మీటర్ల దూరంలో ఉంటే, ఒక చుట్టులో బయటిది 25 మీటర్లు పోతుంది, లోపలిది 16 కూడా పోదు. చిన్నపిల్లలకు లోపలి వరసే. బయట పెట్టి పక్కన పరిగెత్తడం దేనికి?

గుర్రాల సంగతి ఒకటి చెప్పాలి. ఫైబర్ గుర్రం పగిలితే అంచు బ్లేడులా తెగుతుంది, దానికి టేపు చుట్టి వదిలేస్తారు. కొయ్య గుర్రం అలా కాదు. గొట్టం దిగే రంధ్రం దగ్గర నెర్రె ఇస్తే ఆ ముక్క వరకూ కోసి కొత్త కొయ్య అతకొచ్చు. ఏర్పేడు మండలం మాధవమాలలో కొయ్యను దేవుళ్ళుగా చెక్కే చేతులున్నాయి. శ్రీకాళహస్తి దారిలో అంత పనివాళ్ళను పెట్టుకుని ఎక్కడినుంచో ఫైబర్ గుర్రాలు తెప్పించుకోవడం నవ్వొచ్చే విషయమే.

జెయింట్ వీల్‌కు మూడున్నర. ఆ ఒకటిన్నర కోత ఆటకు కాదు, ఎక్కించే పద్ధతికి. పన్నెండు తొట్టెల చక్రాన్ని 1, 7, 4, 10 వరసలో, అంటే ఎదురెదురుగా నింపాలి. తొందరలో పక్కపక్కనే నింపేస్తారు. తొట్టెకు నలుగురు, మనిషికి 60 కిలోలు వేసుకుంటే నాలుగు తొట్టెలు కలిపి 960 కిలోలు. దాదాపు టన్ను బరువు ఒకే పక్క వేలాడుతుంటే చక్రాన్ని తిప్పే తాడు జారుతుంది, బ్రేకు లైనరు కాలుతుంది, ఆపాలనుకున్న చోట చక్రం ఆగదు. కాలిన రబ్బరు వాసన వస్తే వరసలోంచి తప్పుకోండి. తొట్టె పిన్ను ఊడిపోకుండా దాని చివర దూర్చి కొసలు వంచే స్ప్లిట్ పిన్ను ఉండాలి. దాని బదులు కట్టుతీగ మెలేసి ఉంటే ఎక్కొద్దు. కాళ్ళ కింద కొయ్య దుంగలు ఉంటాయి కదా, ముందురోజు వాన పడితే అవి ఒకవైపు దిగుతాయి. పొద్దున మట్టం చూసి మళ్ళీ సరిచేశారా అని అడగండి. మే నెల సాయంత్రాల్లో ఈదురుగాలి లేస్తే తొట్టెలు ఖాళీ చేయించి చక్రాన్ని కట్టేయాలి, ‘ఇంకో రౌండ్’ అనకూడదు.

పాత చక్రాన్ని కాపాడటం ఎలాగో ఆస్ట్రియాలోని వియన్నాను చూస్తే తెలుస్తుంది. అక్కడి 1897 నాటి చక్రం 1944లో యుద్ధంలో కాలింది. 1947లో తిరిగి నడిపినప్పుడు ముప్పై గదుల్లో పదిహేనే తగిలించారు. ఇప్పటికీ పదిహేనే. టిక్కెట్లు సగానికి పడ్డా చక్రం నిలబడింది. మన మైదానాల్లో పాత చక్రానికి ఒక తొట్టె తగ్గించమన్నా ఎవరూ ఒప్పుకోరు.

కొలంబస్‌కు మూడు. పడవ కింద తిరిగే టైరు ఒరుసుకుని దాన్ని తోస్తుంది, ఆపేదీ అదే టైరు. అందుకే వాన తుంపర పడితే ఊపు అందదు, అందిన ఊపు ఆగదు. టైరు, పడవ అడుగు తుడిచి, ఖాళీగా మూడు ఊపులు ఊపి చూశాకే జనాన్ని ఎక్కించాలి. కడుపులో తిప్పే రకమైతే నడిమి వరసలో కూర్చోండి, చివరి వరస ఎక్కువ ఎత్తుకు లేస్తుంది. ఈ ఆటకు ఉంచడం, తీసెయ్యడం కాక మూడో దారి ఉంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రం సీడర్ పాయింట్‌లో 1991 నాటి ‘మీన్ స్ట్రీక్’ కొయ్య కోస్టర్‌ను కుదుపులు భరించలేక 2016లో ఆపేశారు, కానీ కొయ్య కట్టడం చాలావరకు ఉంచి ఉక్కు పట్టాలు వేసి 2018లో ‘స్టీల్ వెంజెన్స్’గా తెరిచారు. కొలంబస్‌కూ నాలుగు కాళ్ళ చట్రం బాగుంటే చాలు, బేరింగులు, ఒళ్ళో పడే కమ్మీ, దాని లాకు మార్చుకోవచ్చు. ఇప్పుడున్న కమ్మీని పిల్లవాడు పైకెత్తినా లేచిపోతోంది. ఆ లాకు మార్చేదాకా మూడు మార్కులే.

బ్రేక్ డాన్స్ తీసెయ్యొచ్చు. తిరిగే పళ్ళెం మీదికి కరెంటు పంపే రింగులు, కార్బన్ బ్రష్షులు అరిగి మెరుపులు రాలుతున్నాయి. సరిపడే విడిభాగం దొరక్క వేరే యంత్రానిది సానబెట్టి దూర్చారు. ఇలాంటిదాన్ని కొత్త రకం ఆటన్న పేరుతో మొయ్యనక్కర్లేదు.

‘తొమ్మిది డీ’కి ఒకటి. మిగతాదంతా పక్కనపెట్టి వ్యాపారం లెక్కే చూడండి. పన్నెండు కుర్చీలు, ఎక్కి దిగడంతో కలిపి పది నిమిషాలకు ఒక ఆట, గంటకు 72 మంది. ఇరవై నాలుగు గుర్రాల రాట్నం అయిదు నిమిషాలకు ఒక ఆట వేసుకున్నా గంటకు 288 మంది. లోపల వేసే సినిమా పాతబడితే డబ్బాకు మళ్ళీ ఎవరూ రారు, గుర్రం మీదికి మాత్రం మరుసటి ఏడు అదే పిల్ల తమ్ముణ్ణి తీసుకుని వస్తుంది.

బొమ్మ రైలు బాగుంది. పెట్టెల మధ్య గొలుసు మీద రబ్బరు తొడుగు లేదు, వేళ్ళు జాగ్రత్త.

వెళ్ళేవాళ్ళు సాయంత్రం ఆటలు మొదలయ్యే వేళకే వెళ్ళండి. ఖాళీగా తిప్పి చూస్తున్నారో లేదో అప్పుడే కనబడుతుంది, తొమ్మిది దాటాక ఆపరేటరూ అలిసిపోతాడు. చున్నీ, పైట కొంగు ముడేసుకోండి, జుట్టు విరబోసుకుని ఎక్కొద్దు. టిక్కెట్టు తీసుకునేటప్పుడే ‘ఫిట్‌నెస్ కాగితం యాడుందన్నా?’ అని అడగండి, అడగడానికి మొహమాటం వద్దు. మిరపకాయ బజ్జీ, మసాలా బొరుగులు తినడం ఆట దిగాకే. కొలంబస్ పక్కనే బజ్జీల బండి పెట్టినవాడి తెలివికి మాత్రం విడిగా ఒక మార్కు తగ్గించాలి.