మూడేళ్లు వాడాక హెచ్‌బీ100 గురించి

పది గిగాహెర్ట్జ్ సిగ్నల్ కావాలంటే లక్షల ఖరీదు చేసే జనరేటర్ ఉండాలనుకునేవాణ్ణి. మూడేళ్ల క్రితం నాలుగొందల లోపే హెచ్‌బీ100 డాప్లర్ మాడ్యూల్ (మైక్రోవేవ్ తరంగాన్ని వదిలి, తిరిగొచ్చినదాన్ని బట్టి కదలికను పసిగట్టే చిన్న బోర్డు) తెప్పించుకున్నాను. అగ్గిపెట్టెంత ఉంటుంది. 5 వోల్టులిస్తే చాలు, 10.525 గిగాహెర్ట్జ్ వస్తుంది. కరెంటు 30, 40 మిల్లీఆంప్‌లకు మించి తీసుకోదు.

దీంతో నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. ఐఎఫ్ పిన్నుకి (పంపిన తరంగాన్ని, తిరిగొచ్చిన తరంగాన్ని కలిపితే వచ్చే సిగ్నల్ బయటికొచ్చే చోటు) మిల్లీవోల్టు మీటరు పెట్టి, ఎదురుగా అల్యూమినియం రేకును మెల్లగా జరపాలి. ప్రతి 14.2 మిల్లీమీటర్లకీ రీడింగ్ ఒకసారి పెరిగి తగ్గుతుంది. అది సగం తరంగదైర్ఘ్యం. ఇంటర్ చదివే మా అన్నయ్య కూతురు "బాబాయ్, దీన్ని స్కేలుతోనే కొలిచేయొచ్చా!" అంది. మధ్యలో పచ్చి అరిటాకు పెడితే ఆ హెచ్చుతగ్గులు తగ్గిపోయాయి. ఎండిన ఆకు పెడితే పెద్ద తేడా లేదు. ఆకులోని నీరే కారణమని తనే చెప్పింది.

ఫ్రీక్వెన్సీ మాత్రం నిలకడగా ఉండదు. డిష్‌లు బిగించే కుర్రాడి దగ్గర పాత ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండే, సిగ్నల్ అందుకునే భాగం) ఒకటి తీసుకున్నాను. వచ్చిన ఫ్రీక్వెన్సీలోంచి తన లోకల్ ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీని తీసేసి కిందికి దింపడం దాని పని. ఆ ఆసిలేటర్ 9.75 గిగాహెర్ట్జ్ కాబట్టి, హెచ్‌బీ100 సిగ్నల్ 775 మెగాహెర్ట్జ్ దగ్గరికి దిగి కంప్యూటర్‌కి పెట్టే మామూలు ఆర్‌టీఎల్ టీవీ డాంగిల్‌తో తెర మీద ఒక గీతలా కనిపిస్తుంది. ఎల్‌ఎన్‌బీకి వెళ్లే 13 వోల్టులు డాంగిల్‌లోకి రాకుండా మధ్యలో కెపాసిటర్ తప్పనిసరి. పొద్దున్న చూసిన ఆ గీత మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి వందల కిలోహెర్ట్జ్ పక్కకి జరిగిపోతుంది. నిలకడ కావాలంటే కోరిన ఫ్రీక్వెన్సీని పుట్టించే ఏడీఎఫ్4351 బోర్డు మంచిది, కానీ అది 4.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది.

ఇంకో సంగతి. ఐఎఫ్‌లో ఎప్పుడూ 100 హెర్ట్జ్ రొద వస్తుంటే వారం రోజులు ఆంప్లిఫయర్‌నే అనుమానించాను. తీరా చూస్తే గదిలో సెకనుకు వందసార్లు మినుకుమనే ట్యూబ్‌లైటు! అది ఆర్పగానే రొద పోయింది.

మొదటి మాడ్యూల్‌ని ఎర్త్ లేని సోల్డరింగ్ ఐరన్‌తో నేనే పాడుచేసుకున్నాను. లోపలి మిక్సర్ డయోడ్ స్టాటిక్ కరెంటుకి అస్సలు తట్టుకోదు. రెండోదాని పిన్నులకి ఒక్క వానాకాలంలోనే పచ్చ చిలుము పట్టింది. మాది మలికిపురం దగ్గర, సముద్రపు గాలి తగిలే ఊరు. అందుకే ఇప్పుడు వాడేది మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, తేమ పీల్చే సిలికా పొట్లాలతో ఉంటుంది. పలచటి ప్లాస్టిక్ తరంగానికి అడ్డం కాదు కాబట్టి డబ్బాలో ఉంచే వాడుతున్నాను. రెండు వానాకాలాలు గడిచినా పిన్నులు మెరుస్తూనే ఉన్నాయి.