డ్రోన్ తగిలి గాయపడితే ఏ గడప తొక్కాలి?

మిరప తోటలో మందు కొడుతున్న పది లీటర్ల డ్రోన్ అదుపు తప్పి, పక్క చేలో కాయలు కోస్తున్న మహిళ మీద పడిందనుకుందాం. కుడి చేతి రెండు వేళ్ల నరాలు తెగాయి. సాయంత్రానికి ఇంటి ముందు సలహాల సంత. ఒకరు పోలీసు కేసు పెట్టమంటారు, ఇంకొకరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమంటారు. డ్రోన్ యజమాని తరఫు పెద్దమనిషి మాత్రం పదివేల నోట్లూ ఒక తెల్ల కాగితమూ తెస్తాడు. ఆ కాగితం మీద వేలిముద్ర వేయకపోతే చాలు, మిగతా దారులన్నీ తెరిచే ఉంటాయి.

ఇందులో నా ఓటు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కే. ఎగిరేదానికీ మోటారు వాహనాలకీ సంబంధం ఏమిటని చాలామంది అడుగుతారు. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనల్లో 44వది చదివితే సంగతి తెలుస్తుంది. డ్రోన్ వల్ల ప్రాణానికో ఆస్తికో నష్టం జరిగితే థర్డ్ పార్టీ బీమాకూ పరిహారానికీ 1988 నాటి మోటారు వాహనాల చట్టమే, అవసరమైన మార్పులతో వర్తిస్తుంది. 250 గ్రాములు దాటిన ప్రతి డ్రోన్‌కూ ఆ బీమా ఉండి తీరాలి. అంటే డబ్బు యజమాని జేబు మీద కాక బీమా పాలసీ మీద ఆధారపడుతుంది. సొంత ఊరి పరిధిలోని ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు, కోర్టు ఫీజు సివిల్ దావాతో పోలిస్తే చాలా తక్కువ.

లెక్క ఎలా కడతారో చూడండి. ఆమెకు 38 ఏళ్లు, నెల సంపాదన 12,000, పని చేసే శక్తిలో 20 శాతం పోయింది. ఏడాదికి 1,44,000. ఆ వయసుకు సుప్రీంకోర్టు ఖరారు చేసిన గుణకం 15. రెంటినీ హెచ్చవేసి, వచ్చినదానిలో 20 శాతం లెక్కగడితే 4,32,000. వైద్య ఖర్చులు, నొప్పికి పరిహారం, భవిష్యత్తులో పెరిగే కూలి ఇంకా కలపనే లేదు. పెద్దమనిషి తెచ్చిన పదివేలను దీని పక్కన పెట్టి చూసుకోవచ్చు.

చిక్కులు లేవని కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం కేసు వేయడానికి గడువు ఆరు నెలలే. పిటిషన్‌లో బండి నంబరు రాసే చోట డ్రోన్ మీద ఉన్న విశిష్ట గుర్తింపు సంఖ్య రాయాలి. ఇది మోటారు వాహనమే కాదని బీమా కంపెనీ న్యాయవాది అడ్డు చెప్పవచ్చు. 44వ నిబంధన నకలు మొదటి రోజే జతచేయండి.

పోలీసు కేసు డబ్బు తేదు. నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేస్తే భారతీయ న్యాయ సంహిత 125(బి) కింద మూడేళ్ల దాకా జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా కూడా మామూలుగా ప్రభుత్వానికే పోతుంది. అయినా స్టేషనుకు వెళ్లాల్సిందే, ఎందుకంటే పంచనామా, గాయాల ధ్రువపత్రం, డ్రోన్ స్వాధీనం అక్కడి నుంచే మొదలవుతాయి. ట్రిబ్యునల్‌లో నిలబెట్టేవి ఈ కాగితాలే. ప్రమాదం గురించి పైలట్ 48 గంటల్లో డిజిటల్ స్కై అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు తెలపాలి. తెలిపాడో లేదో ఎస్సైని అడగమనండి.

వినియోగదారుల కమిషన్ మంచిదే, అందరికీ కాదు. డ్రోన్ కొన్నవారికో, మందు కొట్టించుకోవడానికి డబ్బిచ్చిన రైతుకో ఆ దారి బాగుంటుంది. గడువు రెండేళ్లు, తయారీ లోపమైతే కంపెనీనే నిలదీయవచ్చు. పక్క చేలో ఉన్న కూలీ మనిషి ఏమీ కొనలేదు, ఏ సేవా పొందలేదు. ఆమె వినియోగదారు ఎలా అవుతుందన్న ప్రశ్న దగ్గరే కేసు ఆగిపోవచ్చు.

సివిల్ దావా గురించి ఎక్కువ చెప్పను. కోర్టు ఫీజు బరువు, ఏళ్ల తరబడి వాయిదాలు. దాని గురించి ఆలోచించాల్సి వచ్చేది ఒక్క చోట. పెళ్లి వీడియో తీసే 249 గ్రాముల బుల్లి డ్రోన్ నానో తరగతిలోకి వస్తుంది, దానికి బీమా అక్కర్లేదు. ఆ రెక్క మాత్రం కనుబొమను చీల్చగలదు, కంటికి తగిలితే చూపే పోవచ్చు. అప్పుడు పట్టుకోవాల్సింది ఫొటోగ్రాఫర్‌నే, అతని దగ్గర ఉన్నదల్లా కెమెరాలు, బ్యాంకు అప్పు. ఇలాంటిచోట నేనైతే దావాకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్ కోసం దరఖాస్తు పెడతాను. మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు, ఫోన్ నంబరు 15100. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. ఫొటోగ్రాఫర్ వాయిదాల మీద కడతానన్నా, కట్టకపోతే ఆ రాజీ తీర్పును నేరుగా అమలు చేయించవచ్చు.