కూకట్‌పల్లిలో పేరెంట్స్ వర్క్‌షాప్: పిల్లలు సెక్స్ గురించి అడిగితే ఏం చెప్పాలో నేర్పిస్తారు

అపార్ట్‌మెంట్ గ్రూపులో పోస్టర్ చూసి నేనూ మావారూ ఆదివారం పొద్దున వెళ్ళాం. ఇద్దరికీ కలిపి వెయ్యి రూపాయలు. మళ్ళీ అదే గుడ్ టచ్, బ్యాడ్ టచ్ పాఠం చెప్తారనుకున్నాను కానీ ఎక్కువసేపు ఇంట్లో మనం ఎలా ఉంటాం అన్న దాని మీదే నడిచింది.

ఒక తండ్రి చేతికి టీవీ రిమోట్ ఇచ్చి, ఇంకొకావిడని ఎనిమిదేళ్ళ పాపలా పక్కన కూర్చోబెట్టి, ఇప్పుడు కండోమ్ యాడ్ వచ్చిందనుకోండి అన్నారు కౌన్సెలర్ మేడమ్. "నాన్నా, అదేంటి?" అని ఆవిడ అడగడం ఆలస్యం, ఆయన ఛానల్ మార్చేసి "నోర్మూసుకుని హోంవర్క్ చేసుకో" అన్నాడు. అందరం నవ్వాం, మా ఇళ్ళల్లోనూ అంతే కదా. ఇప్పుడేం అర్థమైందమ్మా అని మేడమ్ ఆవిడని అడిగితే, "ఇలాంటివి అడిగితే నాన్నకి కోపం వస్తుంది" అంది. మరి రేపు ట్యూషన్ సార్ ఏదైనా చేసి, ఇంట్లో చెప్పొద్దు అంటే? అని మేడమ్ మళ్ళీ అడిగారు. ఆవిడకి ఏం చెప్పాలో తెలియలేదు.

నన్ను బాగా కదిలించింది ఇదే. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని రోజూ మనమే నూరిపోసి, వద్దని వెనక్కి జరుగుతున్న పిల్లని బాబాయికి ముద్దు పెట్టు అని ముందుకి తోసి, మళ్ళీ ఎవరైనా ముట్టుకుంటే గట్టిగా అరవమంటే ఏ పిల్ల అరుస్తుంది చెప్పండి? వేధించేవాళ్ళలో చాలామంది పిల్లలకి తెలిసినవాళ్ళే. పోక్సో చట్టం (2012) గురించి కూడా స్పష్టంగా చెప్పారు: పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసి కూడా పరువు కోసం దాచిపెడితే అది కూడా నేరమే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎప్పుడు ఫోన్ చేయాలి, పోలీసుల భరోసా సెంటర్‌లో కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సాయం ఒకేచోట ఎలా దొరుకుతాయి అన్నవీ వివరించారు.

మగపిల్లల విషయం మాత్రం చివర్లో హడావిడిగా కానిచ్చేశారు, ఇది అస్సలు నచ్చలేదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో (అప్పటి మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది) చేయించి 2007లో విడుదల చేసిన సర్వేలో 53 శాతం పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు, అందులో సగానికి పైగా అబ్బాయిలే. ఈ లెక్క స్లైడ్ మీద వాళ్ళే చూపించారు, మరి టైమ్ ఎందుకు ఇవ్వలేదు? అబ్బాయికి ఫోన్‌లో పోర్న్ కనిపిస్తే మనం ఏం మాట్లాడాలి అని నేను అడిగితే తర్వాతి సెషన్‌లో చూద్దాం అన్నారు. మాకు పన్నెండేళ్ళ అబ్బాయి ఉన్నాడు, నేను వెళ్ళిందే దానికోసం.

స్లైడ్లన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. పొద్దంతా పిల్లల్ని చూసుకునే మా అత్తగారిలాంటివాళ్ళకి ఏం అర్థమవుతుంది? అయినా వెళ్ళమనే చెప్తాను, డబ్బు దండగేం కాదు. బుక్ చేసేటప్పుడే తెలుగు బ్యాచ్ ఉందా అని గట్టిగా అడగండి, నాన్నల్ని కూడా తీసుకెళ్ళండి, మేం వెళ్ళినరోజు హాల్లో దాదాపు అందరూ అమ్మలే.