బోర్డు లేకుండా జెఫిర్: నేటివ్ సిమ్‌ చాలాకాలం వాడాక

జెఫిర్ అంటే చిన్న చిప్‌ల మీద నడిచే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్. అది నేర్చుకోవాలంటే ఏ బోర్డు కొనాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఇప్పుడే కొనకండి. లైనక్స్ ల్యాప్‌టాప్ ఉంటే మొదటి కొన్ని నెలలు గడిచిపోతాయి. జెఫిర్ బిల్డ్ టూలైన వెస్ట్‌కి ఇచ్చే బిల్డ్ కమాండ్‌లో బోర్డు పేరు నేటివ్ సిమ్ (బోర్డు బదులు సిమ్యులేటర్) అని ఇస్తే మీ కోడూ, జెఫిర్ కెర్నలూ కలిసి మామూలు లైనక్స్ ప్రోగ్రామ్‌గా కంపైల్ అవుతాయి. బయటికొచ్చే ఫైలు పేరు చివర ఈఎక్స్ఈ అని ఉంటుంది, అయినా అది విండోస్ ఫైలు కాదు. విండోస్ వాళ్లు డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపలే లైనక్స్ నడిపే సదుపాయం) నడుపుకోవచ్చు.

2023లో జెఫిర్ 3.5తో, పాత నేటివ్ పోసిక్స్ టార్గెట్ స్థానంలో నేటివ్ సిమ్ వచ్చింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక్కచోటే చికాకు: మామూలుగా 32 బిట్‌కి కంపైల్ అవుతుంది కాబట్టి ఉబుంటులో మల్టీలిబ్ (32 బిట్ లైబ్రరీల) ప్యాకేజీ వేసుకోవాలి, లేదా 64 బిట్ టార్గెట్ ఎంచుకోవాలి.

నన్ను కట్టిపడేసింది అడ్రస్ శానిటైజర్, అంటే మెమరీ తప్పుల్ని ప్రోగ్రామ్ నడుస్తుండగానే పట్టే కంపైలర్ సదుపాయం. సెన్సార్ ప్యాకెట్ విప్పే కోడ్ బఫర్ దాటి ఒక్క బైటు రాసిందనుకోండి. చిప్ మీదైతే పక్క వేరియబుల్ నిశ్శబ్దంగా పాడై, ఎప్పుడో సంబంధం లేని చోట క్రాష్ అవుతుంది. ఇక్కడ శానిటైజర్ ఆన్ చేసుంటే ఆ క్షణమే ప్రోగ్రామ్ ఆగి, ఫైలు పేరూ లైను నంబరూ చెబుతుంది. జీడీబీ (డీబగ్గర్), వాల్‌గ్రైండ్ (మెమరీ తనిఖీ టూల్) కూడా మామూలు ప్రోగ్రామ్ మీద నడిచినట్టే నడుస్తాయి. చిప్‌కి తగిలించే డీబగ్ పరికరం, జేట్యాగ్ ప్రోబ్, అక్కర్లేదు.

అసలు గమ్మత్తంతా టైము దగ్గరుంది. నేటివ్ సిమ్ గడియారం మన గడియారంతో ముడిపడి ఉండదు. రియల్ టైమ్ వద్దని ఆప్షన్ ఇస్తే, గంటకోసారి నిద్రలేచి రీడింగ్ పంపే అప్లికేషన్ ఒక రోజు చేసే పనిని సెకన్లలో చూసేయొచ్చు. బ్రేక్‌పాయింట్ దగ్గర ఆపితే సిమ్యులేటర్ టైమూ ఆగుతుంది, టైమవుట్లు కొట్టవు. అయితే ఈ ఊహాలోకంలో సీపీయూ వేగం అనంతం. కోడ్ నడుస్తున్నంతసేపూ గడియారం కదలదు. అప్‌టైమ్ (మొదలై ఎంతసేపైందో) పదే పదే చూస్తూ పది మిల్లీసెకన్ల కోసం వైల్ లూప్‌లో తిరిగే కోడ్ ఎప్పటికీ బయటికి రాదు. స్లీప్ గానీ కెర్నల్ బిజీ వెయిట్ గానీ వాడాలి.

నెట్‌వర్క్ విషయంలోనూ ఇదే తిరకాసు. ట్యాప్ ఇంటర్‌ఫేస్ (లైనక్స్‌లోని వర్చువల్ నెట్‌వర్క్ కార్డు) పెట్టుకుంటే అదే ల్యాప్‌టాప్‌లోని ఎమ్‌క్యూటీటీ బ్రోకర్‌తో (పరికరాల మెసేజ్‌లు చేరవేసే సర్వర్) చక్కగా మాట్లాడుతుంది. కానీ గడియారాన్ని పరుగెత్తించారో, బ్రోకర్ జవాబు వచ్చేలోపే ఇక్కడ నిమిషాలు గడిచిపోయి కనెక్షన్ టైమవుట్ అవుతుంది. నెట్‌వర్క్ ఉన్నప్పుడు రియల్ టైములోనే నడపండి.

ఇది పట్టుకోలేనివి కొన్ని ఉన్నాయి, అవి చిన్నవేం కావు. ప్రతి థ్రెడ్‌కీ వాడేది లైనక్స్ స్టాకే. స్టాక్‌కి మీరిచ్చిన 512 బైట్లు చాలకపోయినా ఏమీ తెలియదు, బోర్డు మీద పేలుతుంది. ఇంటరప్ట్ మీ కోడ్ మధ్యలో ఎక్కడపడితే అక్కడ దూరదు కాబట్టి రేస్ కండిషన్లు (ఏది ముందు నడిచిందన్నదాన్ని బట్టి వచ్చే తప్పులు) చాలావరకు దాక్కుంటాయి. ఎలైన్ కాని అడ్రస్ నుంచి చదివినా ఇంటెల్ ప్రాసెసర్ ఊరుకుంటుంది, చిన్న ఆర్మ్ ప్రాసెసరైన కార్టెక్స్ ఎం0 మాత్రం హార్డ్ ఫాల్ట్ ఇస్తుంది.

అందుకే పక్కనే క్యూఈఎమ్‌యూ అనే ఎమ్యులేటర్ ఉంచుకుంటాను. దాని కార్టెక్స్ ఎం3 టార్గెట్‌లో నిజమైన ఆర్మ్ ఇన్‌స్ట్రక్షన్లే నడుస్తాయి, స్టాక్ కూడా మీరిచ్చినంతే. దాంట్లోంచి బయటికి రావాలంటే కంట్రోల్ ఏ నొక్కి, తర్వాత ఎక్స్. ఇది తెలియక టెర్మినల్ మూసేసేవాళ్లను చాలామందిని చూశాను! ఫలానా చిప్‌లోని పెరిఫెరల్స్‌తో సహా కావాలంటే రెనోడ్ అనే సిమ్యులేటర్ చూడండి. చాలా చేస్తుంది, కాన్ఫిగరేషన్ రాసే ఓపికుండాలి.

టీమ్‌గా పనిచేసేవాళ్లకు జెఫిర్ టెస్టులు నడిపే టూల్ ట్విస్టర్ ఒక్కటే చాలు, నేటివ్ సిమ్ వైపు రావడానికి. కోడ్ మారిన ప్రతిసారీ సర్వర్‌లో టెస్టులన్నీ ఒకేసారి నడిచిపోతాయి, బోర్డు ఎవరి టేబుల్ మీదుందని వెతుక్కోనక్కర్లేదు. బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందో లెక్క తేల్చాల్సి వచ్చిన రోజున మాత్రం బోర్డూ, కరెంటు కొలిచే మీటరూ రెండూ కొనండి.